పౌలు పత్రికల తెలుగులో ‘కృప’, ‘ధర్మశాస్త్రము’: ఒక విమర్శనాత్మక పరిశీలన

వ్యాససంగ్రహం

మనిషి నియమపాలన వల్ల కాక దైవకృప వల్లనే జీవిస్తాడన్న క్రైస్తవ బోధకు పౌలు రాసిన గలతీ, రోమా పత్రికలు ప్రధానాధారాలు. ఈ పత్రికలు తెలుగులోకి వచ్చినప్పుడు గ్రీకు ‘నోమోస్’ మూడు మాటలుగా చీలింది. హీబ్రూ, గ్రీకు భాషల్లోని మూడు వేర్వేరు మాటలు ‘కృప’ అనే ఒక్క మాటలో కలిశాయి. ఈ చీలిక, ఈ కలయిక తెలుగు పాఠకుడి అవగాహనను ఎటు నడిపించాయో ఈ వ్యాసం పరిశీలిస్తుంది. ‘ధర్మశాస్త్రము’ అన్న ఎంపిక ఒక అర్థంలో విముక్తినిచ్చి మరొక అర్థంలో అపార్థానికి దారితీసిందని, ఆ అపార్థాన్ని సరిదిద్దే సామగ్రి అదే అనువాదంలోని ‘కృప’ శబ్దంలో ఉందని ప్రతిపాదిస్తుంది.

కీలకపదాలు: కృప, ధర్మశాస్త్రము, పౌలు, గలతీ పత్రిక, బైబిలు అనువాదం, సహపంక్తి, ఒంగోలు మిషన్.

అంతియొకయలో ఒక పంక్తి

కృప, నియమాల మధ్య వివాదాన్ని వేదాంతగ్రంథాలు సాధారణంగా మనస్సాక్షికి సంబంధించిన సమస్యగా వివరిస్తాయి. తాను ఎంత ప్రయత్నించినా పరిశుద్ధుడు కాలేకపోతున్నానని కుమిలే ఒంటరి మనిషి ఆ వివరణల కేంద్రంలో ఉంటాడు. గలతీ పత్రిక రెండో అధ్యాయం తెరచి చూస్తే కనిపించేది ఆ మనిషి కాదు, ఒక భోజనపు బల్ల. అంతియొకయలో పేతురు యూదేతరులైన విశ్వాసులతో కలిసి భోంచేస్తున్నాడు. యెరూషలేములో యాకోబు దగ్గరినుంచి కొందరు వచ్చారు. వారికి జంకి పేతురు మెల్లగా పంక్తినుంచి తప్పుకున్నాడు. మిగిలిన యూదులు అతణ్ణి అనుసరించారు. చివరకు బర్నబా కూడా వారితో పోయాడు. పౌలు అందరి ఎదుటా పేతురును నిలదీశాడు. నియమక్రియల వల్ల కాక విశ్వాసం వల్లనే మనిషి నీతిమంతుడవుతాడన్న ప్రసిద్ధవాక్యం ఈ నిలదీత వెంటనే వస్తుంది. అంటే ఆ సిద్ధాంతం పుట్టిన చోటు ఎవరు ఎవరితో కూర్చుని తినవచ్చునన్న తగాదా.

స్వీడిష్ పండితుడు క్రిస్టర్ స్టెండాల్ 1963లో ప్రచురించిన వ్యాసంలో, పౌలును కుమిలే మనస్సాక్షికి ప్రతినిధిగా చదవడం పాశ్చాత్యులు తమ సమస్యను అతనికి అంటగట్టడమేనని వాదించాడు. ఆ వాదం పశ్చిమదేశాల్లో సంచలనమైంది. తెలుగు పాఠకుడికి ఈ విషయం చెప్పడానికి అంత శ్రమ అక్కరలేదు. పంక్తినుంచి లేచిపోవడం అంటే ఏమిటో అతనికి తెలుసు. పల్నాటి వీరగాథలో బ్రహ్మనాయుడి చాపకూడు ఎందుకు అంత పెద్ద తిరుగుబాటుగా నిలిచిందో తెలిసినవాడికి అంతియొకయ సంఘటనకు వ్యాఖ్యానమే అవసరం లేదు. 1842లో గుంటూరు చేరిన లూథరన్ మిషనరీ హెయర్ తరువాతి కాలంలో అదే పల్నాడులో, గురజాలలో పనిచేశాడు. చాపకూడు జ్ఞాపకం ఉన్న నేల మీదనే గలతీ పత్రిక బోధించబడిందన్నమాట. ఈ రెండింటినీ పక్కపక్కన పెట్టి చదివే ప్రయత్నం తెలుగు సాహిత్యవిమర్శలో తగినంత జరగలేదు. క్రైస్తవ సాహిత్యమంటే జాషువా ‘క్రీస్తు చరిత్ర’, కీర్తనలు అని సరిపెట్టుకుని, బైబిలు తెలుగు వచనాన్ని ప్రచారగ్రంథంగా పక్కనపెట్టడం ఇందుకు ఒక కారణం.

ఒక నోమోస్, మూడు తెలుగు మాటలు

పౌలు వాడిన గ్రీకు మాట ‘నోమోస్’. దాని వెనుక హీబ్రూ ‘తోరా’ ఉంది. తోరాకు మూలార్థం ఉపదేశం, దారిచూపడం. అది శిక్షాస్మృతిగా మాత్రమే ఉన్న గ్రంథం కాదు. సృష్టికథ, వంశావళులు, ఐగుప్తు దాస్యంనుంచి విడుదల, ఎడారి ప్రయాణం అన్నీ అందులో ఉన్నాయి. ఇంత విస్తృతమైన మాటకు, తెలుగువారి వాడుకలో బాగా పాతుకుపోయిన పాత అనువాదం ‘ధర్మశాస్త్రము’ అన్న పదాన్ని ఇచ్చింది.

ఈ పదం ఖాళీ పాత్ర కాదు. మనుస్మృతి, యాజ్ఞవల్క్యస్మృతి వంటి గ్రంథాలకు అది అప్పటికే జాతివాచకం. ఏ వర్ణం వారు ఏం చేయాలి, ఎవరు ఎవరి చేతి నీళ్లు తాగకూడదు, ఏ తప్పుకు ఏ ప్రాయశ్చిత్తం అన్న విధినిషేధాల సమూహాన్ని ఆ మాట స్ఫురింపజేస్తుంది. కనుక కృపకే గాని ధర్మశాస్త్రానికి లోబడినవారు కారని రోమా పత్రిక ఆరో అధ్యాయం చెప్పినప్పుడు, అది ఊరికి వెలుపల నివసించే శ్రోతకు యూదుల సున్నతి గురించిన మాటగా వినబడలేదు. తనను వెలుపల నిలిపిన వ్యవస్థ కొట్టివేయబడిందన్న ప్రకటనగా వినబడే అవకాశం ఆ పదంలోనే ఉంది. అనువాదకులు దీన్ని ఉద్దేశించారో లేదో ఇక్కడ ప్రశ్న కాదు. పదం తన చరిత్రను తానే మోసుకువస్తుంది.

అయితే దీనికి ఒక మూల్యం ఉంది. ధర్మశాస్త్రం పేరుతో తెలుగు పాఠకుడు మనువును చూస్తే, మోషే మనువుకు మరో రూపమవుతాడు. యూదుమతం కరుణ ఎరుగని నియమాల మతంగా మిగిలిపోతుంది. తెలుగు క్రైస్తవ ప్రసంగాల్లో ‘ధర్మశాస్త్రం కింద ఉన్నవారు’ అనే మాట ఒక జాతి మొత్తానికి నిందగా పడే సందర్భాలు తక్కువేమీ కాదు. ఇ.పి. శాండర్స్ 1977లో వెలువరించిన బృహద్గ్రంథం సరిగ్గా ఈ చిత్రాన్నే ఖండించింది. పౌలు కాలపు యూదులు నియమాలు పాటించి దేవుని అనుగ్రహం సంపాదించాలని చూడలేదనీ, దేవుడు ముందే తమను ఎన్నుకున్నాడన్న నమ్మకంలో నిలిచి ఉండడానికే నియమాలు పాటించారనీ అతని వాదం. పది ఆజ్ఞల ముఖద్వారంలో మొదట ఆజ్ఞ లేదు. దాస్యగృహంనుంచి విడిపించినవాడిని నేనేనన్న పరిచయం ఉంది. విడుదల ముందు, విధి తరువాత. నూట పంతొమ్మిదో కీర్తన ఇరవైతొమ్మిదో చరణంలో కీర్తనకారుడు తోరాను తనకు కృపగా ఇవ్వమని వేడుకుంటాడు. హీబ్రూలో అక్కడ ఉన్న క్రియ కృపార్థకమైన ‘హనన్’ ధాతువునుంచి వచ్చినది. మనుస్మృతిని కృపగా ఇవ్వమని వేడుకునే శూద్రుణ్ణి ఊహించడం కష్టం. రెండు శాస్త్రాలకూ ఒకే పేరు పెట్టడంలోని ఇబ్బంది అక్కడ తేలుతుంది.

అనువాదకులకు ఈ ఇబ్బంది తెలియనిది కాదనడానికి ఆధారం పాఠంలోనే ఉంది. పౌలు ‘నోమోస్’ను మెచ్చుకోలుగా వాడిన కొన్ని చోట్ల వారు ‘ధర్మశాస్త్రము’ అనే మాటను వదిలివేశారు. గలతీ పత్రిక ఆరో అధ్యాయంలో ఒకరి బరువులొకరు మోస్తూ నెరవేర్చవలసినది ‘క్రీస్తు నియమము’. రోమా ఎనిమిదో అధ్యాయంలో జీవమిచ్చే ఆత్మకున్నదీ ‘నియమము’. రోమా మూడో అధ్యాయంలో అతిశయాన్ని కొట్టివేసేది ‘విశ్వాస న్యాయము’. గ్రీకులో ఈ మూడూ ఒకే నోమోస్. అతిశయం ఏ నోమోస్ వల్ల పోయిందని ప్రశ్నించి, క్రియల నోమోస్ వల్ల కాదు, విశ్వాసపు నోమోస్ వల్ల అని జవాబివ్వడంలో పౌలు ఆడిన శబ్దక్రీడ ఉంది. ఆ ఒక్క వాక్యంలో ‘న్యాయము’ రెండువైపులా నిలవడం వల్ల క్రీడ కొంత మిగిలింది గానీ, దాని చుట్టూ పరచుకున్న ధర్మశాస్త్ర చర్చతో ముడి తెగిపోయింది. ఫలితంగా తెలుగు పౌలు గ్రీకు పౌలుకంటే సూటిగా, ఒకింత కఠినంగా మాట్లాడతాడు. గ్రీకులో నోమోస్ కృపలోకి వచ్చి కొత్తరూపం దాలుస్తుంది. తెలుగులో ధర్మశాస్త్రం బయటే ఉండిపోతుంది, లోపలికి వేరే మాట వస్తుంది. కృప ఉంటే ఇక ఏ నియమమూ లేదన్న అతివాదానికి ఈ విభజన కొంత ఊతమిచ్చి ఉంటుందనడం అసంగతం కాదు.

‘బాలశిక్షకుడు’ అన్న మాట విషయంలో మాత్రం తెలుగు పాఠకుడు వ్యతిరేకదిశలో దారితప్పుతాడు. గలతీ మూడో అధ్యాయంలో ధర్మశాస్త్రాన్ని పోల్చిన ‘పైదగోగోస్’ పాఠాలు చెప్పే గురువు కాదు. సంపన్నుల ఇళ్లలో పిల్లవాణ్ణి బడికి తీసుకువెళ్లి తీసుకువచ్చే, అతని నడతను కనిపెట్టి ఉండే దాసుడు. పిల్లవాడు ఎదిగితే అతని పని ముగుస్తుంది. పెద్దబాలశిక్ష ఒడిలో అక్షరాలు దిద్దుకున్న తెలుగువాడికి బాలశిక్ష ముగిసిపోయేది కాదు, జీవితాంతం పునాదిగా ఉండేది. పౌలు కాలపరిమితి చెప్పదలచిన చోట తెలుగు శాశ్వతగౌరవం చెప్పింది. ఇది పొరపాటే అయినా, ధర్మశాస్త్రమన్న మాట చేసిన అన్యాయానికి చిన్న పరిహారంలా కనిపిస్తుంది.

మూడు మాటలు, ఒక కృప

నోమోస్ చీలిన చోటే మరొక పదం అల్లుకుంది. హీబ్రూలో ‘హేన్’ అంటే పెద్దవాడి చూపులో దొరికే అనుగ్రహం. ‘హెసెద్’ అంటే నిబంధనకు కట్టుబడిన నిలకడైన ప్రేమ. గ్రీకు పూర్వనిబంధన మొదటిదాన్ని సాధారణంగా ‘ఖారిస్’ అనీ, రెండోదాన్ని ఎక్కువగా ‘ఎలెయోస్’ అనీ అనువదించింది. ఇంగ్లీషు బైబిలు కూడా వీటికి వేర్వేరు మాటలు వాడింది. తెలుగులో నోవహు దేవుని దృష్టిలో పొందినది కృప. నూట ముప్పైఆరో కీర్తన ఇరవైఆరు చరణాల్లోనూ పల్లవిగా తిరిగివచ్చే హెసెద్ కూడా కృప. పౌలు ప్రతి పత్రికనూ ప్రారంభించే ఖారిస్ కూడా కృపే.

పర్యవసానం గమనించదగినది. పూర్వనిబంధన అంటే నియమం, కొత్తనిబంధన అంటే కృప అన్న సులువైన విభజన తెలుగు పాఠం మీద నిలవదు. కృప అన్న మాటను తెలుగు క్రైస్తవుడు మొదట పౌలు దగ్గర నేర్చుకోడు, కీర్తనల్లో నేర్చుకుంటాడు. యోహాను సువార్త మొదటి అధ్యాయం ఇందుకు మంచి ఉదాహరణ. నిర్గమకాండం ముప్పైనాలుగో అధ్యాయంలో, మోషే రెండోసారి రాతిపలకలు చెక్కుకుని కొండెక్కినప్పుడు, దేవునికి చెప్పిన విశేషణాల్లో ‘కృపాసత్యములు’ ఉన్నాయి. యోహాను యేసును ‘కృపాసత్యసంపూర్ణుడు’ అంటాడు. యోహాను ఆ హీబ్రూ జంటపదాన్నే తలుస్తున్నాడని పండితులు వివరించవలసి వస్తుంది, ఎందుకంటే గ్రీకు నిర్గమకాండంలో ఆ చోట వేరే మాట ఉంది. తెలుగులో ఆ అనుసంధానం చెవికే వినబడుతుంది. ఆజ్ఞల పలకలు పట్టుకున్న కొండమీదనే కృపాసత్యాలు మొదట పలికాయి. అదే యోహాను అధ్యాయంలో మోషే ద్వారా ధర్మశాస్త్రం ‘ఇవ్వబడింది’ అనడానికి తెలుగు అనువాదకుడు ఎంచుకున్న క్రియ ‘అనుగ్రహింపబడెను’. గ్రీకులో ఉన్నది మామూలు దానార్థక క్రియ. నియమం కూడా అనుగ్రహమేనని ఆ అనువాదకుడి కలం, బహుశా గ్రాంథిక మర్యాద కోసమే, చెప్పేసింది.

కృపాశబ్దానికి తెలుగు సాహిత్యంలో తనదైన పూర్వజన్మ ఉంది. గజేంద్రమోక్షం అందరికీ గుర్తుకొచ్చే ఉదాహరణే. బలం ఉడిగిన ఏనుగు మొరపెట్టుకుంటుంది, విష్ణువు ఉన్నపళంగా బయలుదేరతాడు. పుణ్యాల లెక్క అడగని ఆ తొందర పౌలు కృపకు చాలా దగ్గరది. అయితే అక్కడ మొర ముందు, కృప తరువాత. పౌలు తన కథలో మొరే లేదంటాడు. సంఘాన్ని హింసిస్తూ, పితృపారంపర్య నిష్ఠలో తోటివారిని మించిపోతున్న సమయంలోనే కృప తనను పిలిచిందని గలతీ మొదటి అధ్యాయంలో చెప్పుకున్నాడు. ఈ అర్థానికి గజేంద్రుడికంటే దగ్గరివారు ఆదిపర్వంలో ఉన్నారు. రెల్లుపొదలో పడివున్న కవలశిశువులను శంతనుడు కృపతో తెచ్చి పెంచాడు. అందువల్లనే వారికి కృపుడు, కృపి అని పేర్లు వచ్చాయి. ఆ పసివాళ్లు శంతనుణ్ణి పిలవలేదు. పౌలు గలతీ నాలుగో అధ్యాయంలో వాడే ఉపమానం కూడా దత్తతే. దాసుల స్థితినుంచి దత్తపుత్రులుగా స్వీకరింపబడినవారు మళ్లీ నియమాల కాడికిందికి ఎందుకు పోతారని అతని ప్రశ్న.

కథోలిక సంప్రదాయం ఇదే భావానికి ‘వరప్రసాదం’ అన్న మాటను నిలుపుకుంది. మరియమ్మకు చేసే జపం తెలిసిన ప్రతివారికీ అది పరిచితం. ప్రసాదం అందరికీ పంచేదే గానీ, పురాణాల్లో వరం తపస్సుకు ఫలం. హిరణ్యకశిపుడూ వరం పొందాడు. ఈ దృష్టితో చూస్తే ప్రొటెస్టంట్ల ‘కృప’ పౌలుకు మరింత సన్నిహితం. కానీ ‘కృప’లోనూ ఒక లోటు ఉంది. ‘కృపణ’ శబ్దంతో చుట్టరికం ఉన్న ఈ మాట పుచ్చుకునేవాణ్ణి దీనుడిగా నిలబెడుతుంది. ఖారిస్ అంటే దానం, దాని సొగసు, దానికి తిరిగి చెప్పే కృతజ్ఞత కూడా. జాన్ బార్‌క్లే 2015లో వెలువరించిన గ్రంథం దీన్ని విపులంగా చర్చించింది. ఆనాటి సమాజంలో యోగ్యులను ఎంచి దానమిస్తారు, ఆ దానం బాంధవ్యాన్ని కలుపుతుంది. అయోగ్యులకు ఇవ్వడమే పౌలు చెప్పిన వింత. ఇచ్చాక వారు దీనులుగా మిగలరు, బాంధవ్యంలోకి వస్తారు. జాలి మాత్రమే వినిపించే కృపలో ఈ రెండో సగం మూగబోతుంది. జాషువా గబ్బిలం శివుడి దగ్గరికి మోసుకుపోయే సందేశంలో వేడుకోలుకంటే నిలదీత బలంగా ఉండడానికి కారణాలు అనేకం. జాలిపడే కృపను స్వీకరించి తలవంచుకోవడానికి ఆ కావ్యనాయకుడు సిద్ధంగా లేడన్నది వాటిలో ఒకటి.

‘తీర్చబడుట’

పౌలు వాదంలో కేంద్రక్రియ ‘దికైయూన్’. నీతిమంతుడని తీర్పు చెప్పడమా, నీతిమంతుడిగా చేయడమా అన్న ప్రశ్న మీద పాశ్చాత్య క్రైస్తవం రెండుగా చీలింది. లాటిన్‌లో చదివిన అగస్టీన్ చేయడం అనుకున్నాడు. లూథర్ అనుచరులు తీర్పు అన్నారు. ట్రెంట్ మహాసభ 1547లో దీనిమీద నిర్ణయం ప్రకటించింది. లూథరన్ ప్రపంచ సమాఖ్య, కథోలిక సంఘం కలిసి ఉమ్మడి ప్రకటన మీద సంతకాలు చేయడానికి 1999 అక్టోబర్ 31 దాకా పట్టింది.

తెలుగు అనువాదం ఈ చోట ‘నీతిమంతులుగా తీర్చబడుట’ అంటుంది. ‘తీర్చు’ తెలుగులో ఎన్ని పనులు చేస్తుందో చూడాలి. తగవు తీరుస్తారు, అందులోంచి తీర్పు వచ్చింది. అప్పు తీరుస్తారు. ముగ్గు తీరుస్తారు, బొట్టు తీరుస్తారు. పిల్లలను తీర్చిదిద్దుతారు. తీర్పు చెప్పడం, రుణం చెల్లించడం, రూపం ఇవ్వడం అన్నీ ఒకే క్రియలో ఇమిడి ఉన్నాయి. నాలుగున్నర శతాబ్దాలు సాగిన వివాదంలోని రెండు పక్షాలకూ ఈ దేశ్యక్రియ ఒక్కటే చోటిస్తుంది. కృప వల్ల జీవించడమంటే నేరం కొట్టివేయబడి ఊరుకోవడం కాదు, ఆ తరువాత మనిషి దిద్దుబాటుకు లోనవుతాడన్నది రోమా ఆరో అధ్యాయపు సారం. కృప విస్తరించడానికి పాపంలో కొనసాగుదామా అన్న ఆక్షేపణను పౌలే ఎత్తుకుని తోసిపుచ్చాడు. తెలుగులో దానికి సమాధానం క్రియాపదంలోనే సిద్ధంగా ఉంది. తెలుగు వేదాంతులు దీన్ని వాడుకోకుండా, ఇంగ్లీషు వివాదాన్ని యథాతథంగా దిగుమతి చేసుకోవడం విచారకరం.

ఒంగోలు నియమాలు

పదాలు ఇలా ఉండగా, కృపను బోధించిన మిషన్లు ఆచరణలో నియమాలు పెట్టకుండా ఉండలేదు. ఒంగోలు ప్రాంతంలో అమెరికన్ బాప్టిస్టు మిషనరీ జాన్ క్లౌ, యర్రగుంట్ల పేరయ్య వంటి మాదిగ బోధకుల ద్వారా సాగిన ఉద్యమం ప్రసిద్ధమే. కరువు ముగిసే రోజుల్లో, 1878 జూలై 3న ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం పొందారు. క్లౌ మరణానంతరం 1914లో వెలువడిన అతని స్వీయకథనం ప్రకారం చేరేవారికి విధించిన నియమాలు మూడు: ఆదివారం పనిచేయరాదు, చచ్చిన పశువు మాంసం తినరాదు, విగ్రహాలను పూజించరాదు.

గలతీ పత్రికను అక్షరాలా చదివే విమర్శకుడు ఇక్కడ ఆగి, దినాలను ఆచరించడం గురించీ ఆహారం గురించీ తగవుపడిన పౌలు పేరుతో దినమూ ఆహారమూ మళ్లీ నియమాలయ్యాయని ఎత్తిపొడవవచ్చు. ఎత్తిపొడుపులో నిజం లేకపోలేదు. కానీ ఆ నియమాలు గ్రామంలో ఎవరిమీద పడ్డాయో కూడా చూడాలి. ఆదివారం పని మానడమంటే వెట్టికి పిలిచిన రైతుకు రానని చెప్పడం. జాతరలో డప్పు కొట్టననడం, చచ్చిన పశువును ముట్టననడం అంటే కులం అప్పగించిన సేవను నిరాకరించడం. ఘర్షణలు వచ్చినది అందుకే. ద్వితీయోపదేశకాండం ఐదో అధ్యాయం విశ్రాంతిదినానికి చెప్పే కారణం కూడా ఇదే: నీవు ఐగుప్తులో దాసుడివై ఉన్నావు, నీ దాసుడూ నీలాగే విశ్రమించాలి. బయటినుంచి చూసేవారికి నియమంలా కనిపించినది ఆ మాదిగ కుటుంబానికి వారంలో ఒకరోజు తన చేతుల్లోకి వచ్చిన కృప. తోరాను కృపగా ఇవ్వమన్న కీర్తనకారుడి మాట ఒంగోలు తాలూకాలో అర్థమైనంతగా జర్మనీ విశ్వవిద్యాలయాల్లో అర్థమై ఉండకపోవచ్చు.

మాంసపు నియమం సంగతి ఇంత సులువుగా తేలదు. అది వెట్టినుంచి విడిపించింది, అదే సమయంలో పైకులాల శుచి భావనను సంఘంలోకి తెచ్చింది. ఏం తింటే తక్కువవాడవుతాడన్న లెక్క మిషన్ ఆవరణలోకి వచ్చాక, తినేవాడికీ మానినవాడికీ మధ్య ఒక గీత పడుతుంది. అంతియొకయలో పడిన గీత అలాంటిదే. పౌలు తాను పేతురుతో అన్న మాటలు రాశాడు, బర్నబా పోయిన సంగతి రాశాడు. పేతురు ఆనాడు తిరిగి వచ్చి ఆ పంక్తిలో కూర్చున్నాడో లేదో మాత్రం పత్రికలో లేదు.